పాలం కింద కాపురం

అన్నూరు నుంచి మా ఆఫీసుకు తంతి రావడం ఇది రెండోసారి. మొదటిసారి వచ్చిన తంతిలో వెంటనే బయలుదేరమని ఉంది. ఈసారి తొందరేమీ లేదు. పెద్దమ్మ పోయింది, దినాలకు రమ్మని మాత్రమే ఉంది.

మధురలో నేను పనిచేసేది అరవ పత్రికలో. అందులో ఒకరి చావు అచ్చు కావాలంటే ఆ మనిషి జమీందారో, వకీలో, కనీసం పత్తి మిల్లు యజమానో అయి ఉండాలి. పెద్దమ్మ తిరుమంగళం పక్కన నల్లరేగడిలో పత్తీ సజ్జా పండించుకునే ఇంటి ఆడమనిషి. మా అమ్మకు వరసకు అక్క. ఆమెను గురించి రాయదగ్గది ఏముందని ఎవరైనా అడిగితే ఒక్కటే చెప్పగలను. ఆమె సముద్రాలు దాటిపోయి పెద్ద పెద్ద ఉక్కు వంతెనల దగ్గర కాపురం చేసింది. వాటిలో ఒక్కదాన్ని కూడా దాటలేదు.

మా ఇళ్ళలో వంతెన అనే మాట వినపడదు. తాతలనాడు తెలుగుదేశం విడిచి ఇక్కడికి వచ్చినవాళ్ళం, చుట్టూ ఉన్న అరవంలోంచి చాలా మాటలు ఇంట్లోకి తెచ్చుకున్నాం. వంతెనను పాలం అంటాం. అందుకే ఊరందరికీ ఆమె పాలం పెద్దమ్మ. సొంత పేరు పెట్టి పిలిచే పెద్దవాళ్ళు నా చిన్నతనానికే పోయారు.

ఆమె మెల్లగా మాట్లాడటం నేనెరగను. నేలమీద నిలబడి, తాటిచెట్టంత ఎత్తున ఇనుప దూలం మీద కూర్చున్న మగణ్ణి కూటికి దిగి రమ్మని కేకలేసీ కేకలేసీ ఆ గొంతు అలా స్థిరపడిపోయింది. ఒకసారి మా అమ్మ చెవి దగ్గర నోరు పెట్టి, ఎదురింటి కోడలికి నెల తప్పిందని రహస్యం చెప్పింది. చెప్పడం ముగిసేలోపల ఎదురింట్లోంచి అత్తగారి గొంతు వినబడింది.

"ఏమే, నా ఇంటి సంగతి నాకంటే ముందు నీకెట్లా తెలిసెనే?"

"నీ కోడలు నిన్న మామిడికాయ దొంగతనంగా కొరుకుతాంటే చూసినా. నీకు కండ్లు లేవు, నేనేమి చేసేది?" అని ఈమె అక్కడినుంచే జవాబిచ్చింది. రహస్యం అంతటితో వీధిపాలైంది.

నిశ్శబ్దంలో ఆమెకు కునుకు పట్టేది కాదు. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చాలంటే నులకమంచం ఈడ్చుకుని వెళ్ళి కమ్మరి కొట్టం పక్కన వేసుకునేది. నాగటి కర్రుల మీద సుత్తి దెబ్బలు పడుతుంటే పసిపిల్లలా నిద్రపోయేది. దెబ్బ ఆగిందంటే చాలు, దిగ్గున లేచి కూర్చునేది.

"ఏమాయ? ఏల నిలిపినావు?"

"చుట్ట కాల్చుకుందామని, అవ్వా."

"చెప్పి కాల్చుకో, నాయినా. చెప్పకుండా నిలపవద్దు."

కమ్మరి మంచివాడు. ఆ తర్వాత సుత్తి కింద పెట్టబోయే ముందు, "అవ్వా, చుట్టకు" అనో, "అవ్వా, నీళ్ళకు" అనో ఒక కేక వేసేవాడు. ఆమె కళ్ళు తెరవకుండానే "సరి" అని పక్కకు తిరిగి పడుకునేది. ఊరివాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వాను, కారణం తెలిసేదాకా.

సముద్రం అవతలినుంచి ఆమె వెంట తెచ్చుకున్న వస్తువు ఒక పెనం. పెనమంటే కొన్నది కాదు. వంతెన పని జరిగేచోట కోసి పారేసిన ఉక్కు రేకు ముక్క. దాని ఒక పక్కన మేకు దూర్చడానికి వేసిన గుండ్రటి చిల్లు. పిండి పోసినప్పుడల్లా కాస్త ఆ చిల్లులోంచి కారి పొయ్యిలో పడి చుయ్యిమనేది. అందుచేత ఆమె పోసిన ప్రతి దోసెకూ ఒక చిల్లు ఉండేది. పిల్లలం ఆ చిల్లులో వేలు దూర్చి దోసెను తిప్పుకుంటూ తినేవాళ్ళం. మా ఇంట్లో అమ్మ పోసిన దోసెకు చిల్లు లేదని నేను ఏడ్చిన రోజులున్నాయి. వేరే పెనం కొనుక్కోమని కూతురు పోరితే, "ఓట్టై లేని దోసె దోసెనా?" అనేది. ఓట్టై అంటే చిల్లు.

ఆమె భర్త ఉక్కు దూలాలు కలిపి బిగించే పనివాడు. కింద కొలిమిలో ఎర్రగా కాల్చిన మేకును ఒకడు పట్టుకారుతో పైకి విసిరితే, పైవాడు దాన్ని డబ్బాలో పట్టి చిల్లులో దూర్చుతాడు. అవతల ఒకడు అదిమి పట్టుకుంటే ఇవతల ఒకడు సుత్తితో తల చదును చేస్తాడు. ఈయన సుత్తివాడు. వరసగా వానలు లేక రేగడి నోరు తెరిచిన కాలంలో, కూలీలను కూడగట్టుకుపోయే కంగాణీ వెంట పడవెక్కాడు. పెండ్లాన్ని వదిలి పోయే మనిషి కాదు. ఆమె కూడా వెంట వెళ్ళింది.

మొదటిది సిలోను కొండల్లో. మావాళ్ళు దాన్ని కండి సీమ అంటారు. అక్కడి సంగతి అడిగితే ఆమె జలగల గురించీ మంచు గురించీ చెప్పేది. "పొద్దెక్కేదాకా పాలమే కనపడదు, తంబీ. మేఘంలో సుత్తి కొడుతాంటారు. వాన కొడుతాందా మనిషి కొడుతాండాడా తెలియదు." తర్వాత పినాంగు వైపు ఒక పెద్ద ఏరు. ఒడ్డున ఒక వరస మనవాళ్ళ పాకలు, ఒక వరస చీనా వడ్రంగులవి. చీనా వాళ్ళ ఆడది ఈమెకు తేనీళ్ళు పోసేది. ఈమె ఆమెకు చింతపండు ఇచ్చేది. ఒకరి మాట ఒకరికి తెలియకుండానే ఇద్దరూ మగవాళ్ళను కలిసి తిట్టుకునేవాళ్ళట. "తిట్టేదానికి భాష ఏల? పైకి చూపించి మూతి తిప్పితే సాలు" అనేది.

ఆ ఏటి ఒడ్డునే ఒకనాడు పైవాడు పట్టుకోలేక జారవిడిచిన ఎర్రటి మేకు నేరుగా వచ్చి ఆమె గంజి కుండలో పడింది. కుండ పగలలేదు. గంజి బుసబుసమని పొంగింది. ఆమె గరిటెతో మేకు తీసి పక్కన పెట్టి, పైకి తలెత్తి, "ఇంకొకటి వేయండిరా, ఉప్పు ఇంకా కరగలేదు!" అని అరిచిందట. వంతెన మీద పని కాసేపు నవ్వుతో ఆగిపోయిందట. ఈ కథ చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడాలి. అందరి నవ్వూ అయిపోయాక, "ఆయన నవ్వు మాత్రం వేరేగా వినపడింది" అని కలిపేది.

ఎండకు ఉక్కు సాగుతుందనీ, చలికి ముడుచుకుంటుందనీ, అందుకని దూలాల చివర కాస్త సందు వదులుతారనీ ఆమెకు అక్కడే తెలిసింది. ఆ జ్ఞానాన్ని మనుషుల మీద వాడేది. కొత్త దంపతులు పోట్లాడుకుంటే, "దూరం జరగండిరా. సందు వదలని పాలం వంకరపోతాది" అని తీర్పు చెప్పేది. ఇద్దరు అన్నదమ్ములు గట్టు తగాదాతో వస్తే కూడా అదే తీర్పు. అది వాళ్ళకు పనికి రాలేదనుకోండి.

పైన ఎందరో సుత్తులు కొడుతున్నా ఆయన దెబ్బ ఆమెకు వేరే తెలిసేది. ఢాం, ఢాం, ఆపైన చిన్నగా టక్ అని ఒకటి. ఆ చివరి చిన్న దెబ్బ అవసరం లేదట. అది ఆయన అలవాటు. మేకు తలను తట్టి, ఇక పడుండు అని చెప్పినట్టు. ఆమె వండుతున్నా, ఉతుకుతున్నా, పిల్లకు పాలిస్తున్నా చెవి ఆ దెబ్బ మీదే. అది వినపడినంతసేపూ చెయ్యి తన పని తాను చేసుకుపోయేది.

"ఈ పాలం పూర్తి కానీ, నిన్ను నడిపించి అవతలి గట్టుకు తోడుకుపోతా" అని ఆయన ప్రతిచోటా అనేవాడట. అది ఎక్కడా కుదరలేదు. మేకుల పని అయిపోగానే ముఠాను ఇంకో ఏటికి తరలించేవాళ్ళు. దొరలు వచ్చి మొదటి రైలు నడిపేనాటికి వీళ్ళు మరో గట్టున పాక వేసుకుంటూ ఉండేవాళ్ళు.

చివరిది బర్మాలో. అక్కడ ఒక మధ్యాహ్నం ఆమె బియ్యం చెరుగుతుండగా ఆ దెబ్బ ఆగిపోయింది. మిగతా సుత్తులన్నీ మోగుతూనే ఉన్నాయి. పైవాళ్ళకే ఇంకా తెలియదు. ఆమె చేట కింద పెట్టి పరుగెత్తింది. నిండుగా పారుతున్న ఏరు. మనిషి దొరకలేదు. ఆమె ఎన్నో నాళ్ళు ఆ గట్టునే తిరిగి, చివరికి పిల్లను చంకన వేసుకుని, పెనం మూట నెత్తిన పెట్టుకుని, పడవెక్కి వచ్చేసింది. దీన్ని గురించి ఆమె చెప్పింది ఇంతే. నేను ఎంత అడిగినా ఇంతకుమించి రాలేదు. వార్తలు రాబట్టడం నా వృత్తి అయినా ఆమె దగ్గర అది సాగలేదు.

ఇక్కడ మావాళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి. లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు.

మా తాతలు ఉత్తరాన్నుంచి పారిపోయి వస్తుంటే వెనక రాజుగారి గుర్రాలు, ముందర పొంగిన ఏరు. అప్పుడు రెండు గట్ల మీదా ఉన్న కానుగచెట్లు వంగి, కొమ్మలు కలిపి, దారి ఇచ్చాయట. అందుకే మేము కానుగను నరకము, పొయ్యిలో పెట్టము. పెండ్లి పందిట్లో మొదటి గుంజ పక్కన కానుగ కొమ్మ కట్టనిదే పని మొదలుకాదు. ఇంతవరకు మావాళ్ళందరికీ తెలిసిన కథే. పెద్దమ్మ పుట్టింటివాళ్ళు దీనికి ఇంకో ముక్క కలిపి చెప్పేవాళ్ళు. అందరూ దాటుతుంటే ఒక ముసలమ్మ, పెరుగు తోడు చట్టి మరిచానని వెనక్కి పోయిందట. ఇవతల ఎవరూ ఆమెను పిలిచి చూసుకోలేదు. చెట్లు లేచి నిలబడిపోయాయి. ఆమె ఆ గట్టునే ఉండిపోయింది.

అప్పటినుంచి ఆ ఇళ్ళలో ఒక కట్టుబాటు. ఏ పాలమైనా మొదటిసారి దాటేటప్పుడు కానుగ రెబ్బ ఒకటి ఏటికి వేసి, ఇంటి పెద్ద ఇంట్లో ప్రతి ఒక్కరినీ పేరుపెట్టి పిలవాలి. వాళ్ళు "ఓ" అని పలకాలి. దూరాన ఉన్నవాళ్ళను కూడా పిలవాలి. పేరు పిలవనివాళ్ళు ఆ గట్టున మిగిలిపోయినట్టే. రైళ్ళు వచ్చాక చాలామంది దీన్ని వదిలేశారు. కొందరు పెదవులు కదిలించి ఊరుకుంటారు. పెద్దమ్మ మాత్రం పట్టుకుని కూర్చుంది.

ఆమె ఇంటికి పెద్ద ఆమే. ఇంట్లో ఉన్నవాళ్ళు ముగ్గురు. తను, కూతురు, ఆయన. ఆయన పేరు పిలవాల్సింది తను. పెండ్లాం మగని పేరు ఎట్లా చెబుతుంది? పిలవకుండా దాటితే ఆయన్ను ఆ గట్టున శాశ్వతంగా వదిలేసినట్టు. అందుకని ఆమె పాలమే దాటదు. అది రాతిదైనా సరే, ఇనుపదైనా సరే.

"సముద్రం దాటి వచ్చినావు గదా, పెద్దమ్మా?"

"సముద్రానికి చెట్టు వంగిందా? వంగలేదు గదా. దానికి లెక్క లేదు."

అదృష్టవశాత్తూ మా వైగైలో నీళ్ళుండటం అరుదు. తిరుమంగళంలో రైలెక్కి ఉత్తరానికి పోవాలంటే మధుర దాటగానే వైగై మీద రైలు పాలం వస్తుంది. పెద్దమ్మ మధురలో దిగిపోయి, ఇసుకలో నడిచి ఏరు దాటి, అవతలి స్టేషనులో తర్వాతి బండి ఎక్కేది. కరూరు దగ్గర అమరావతికీ ఇదే పద్ధతి. కోయంబత్తూరు జిల్లా అన్నూరు మావాళ్ళతో కూతురి సంబంధం కుదిరాక, పెండ్లికూతుర్ని కూడా అలాగే నడిపించింది. తోడుకుపోవడానికి వచ్చిన అక్కడి చుట్టాలు ఎండలో కాళ్ళు కాలుతుంటే వేళాకోళం మొదలుపెట్టారు.

"ఏమి సంబంధీ, రైలేమన్నా కరుస్తాదా?" అంది వియ్యపురాలు, చెప్పులు చేత్తో పట్టుకుని.

"రైలు కరవదమ్మా. పాలం మింగుతాది."

"మాకు కోడలు గావల్లంటే ఇసుకలో ఈదవల్ల అని ముందే చెప్పుంటే యోచన చేసేవాళ్ళం!"

"ఇప్పుడు గూడా సమయముంది. తిరుక్కోని పో" అంది పెద్దమ్మ. అందరూ నవ్వారు. వియ్యపురాలు కూడా నవ్వి, ఇద్దరూ చేయి చేయి పట్టుకుని మిగతా ఇసుక నడిచారు.

మొదటి తంతి వచ్చింది వానలు పడే ఐపసి మాసంలో. కూతురికి తొలి కాన్పు. పుట్టింటికి తీసుకురావాల్సింది; ఇంకా నెలలు నిండలేదని ఆగారు. ఈలోగా నొప్పులు మొదలై, రక్తం పోయి, కదిలించకూడదని మంత్రసాని చెప్పిందట. అమ్మ కావాలని అడుగుతోంది, వెంటనే బయలుదేరండి అని తంతి. మా ఆఫీసు విలాసానికే ఎందుకంటే ఊళ్ళోకి తంతి చేరేది కాదు.

నేను బండి కట్టించుకుని ఊరికి పోయాను. పెద్దమ్మ ఏడవలేదు. సజ్జలు, మిరియాలు, పాత చీరలు, వాటి మధ్యన పెనం పెట్టి మూట కట్టింది. "పురిటిదానికి నా చేత్తోనే పోసి పెట్టవల్ల" అంది. అదే బండిలో వానలో తడుస్తూ మధుర వచ్చాం. ఆమె రైలు స్టేషనుకు కాకుండా ఏటి వైపు తోలమంది.

ఇసుక లేదు. ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా ఎర్రటి నీళ్ళు. ఎవరిదో గుడిసె పైకప్పు తేలుతూ పోతోంది. దాని మీద ఒక కోడి కూర్చుని ఉంది. పైన, కాస్త దూరంలో, రైలు పాలం దూలాలు వానలో నల్లగా కనిపిస్తున్నాయి. పెద్దమ్మ మూట దింపకుండా అలాగే నిలబడి చూసింది.

"తగ్గేదానికి ఎంత పొద్దు పడతాది?"

"రేపో ఎల్లుండో. చెప్పలేము, పెద్దమ్మా. బండికి ఇంక గంట కూడా లేదు. రైల్లో పోదాము."

"ముగ్గురం దాటవల్ల, తంబీ. ఒకతి అక్కడ ఉండాది. నేనిక్కడ. ఆయన..."

"ఆయన్ను పిలువు మరి."

"పేరెట్లా చెప్పేది?"

"నువ్వు నాకు చెప్పు. నేను పిలుస్తా."

ఆమె నా వైపు జాలిగా చూసింది. "పైత్యకారా! నీకు చెప్తే చెప్పినట్టు గాదా?"

నిజమే. నేను ఆయన్ను చూసిందే లేదు. నాకు ఆయన రంగోను పెదనాయన మాత్రమే. పేరు తెలిసిన ముసలివాళ్ళు ఊళ్ళో ఒకరిద్దరున్నారు, ఊరికి పోయి వచ్చే సమయం లేదు. అదీగాక వేరేవాళ్ళు పిలిస్తే చెల్లదని ఆమే అంది. ఇంటి పెద్ద పిలవాలి.

నాకు కోపం వచ్చింది. "అక్కడ పిల్ల నీకోసం చూస్తాంది. పోయినాయన్ను చూసుకుంటావా, ఉన్నదాన్ని చూసుకుంటావా?" అన్నాను. ఆమె గొంతు మొదటిసారి తగ్గింది.

"పోయినాడని నేను ఎప్పుడన్నా చెప్పినానా? దెబ్బ నిలిచింది, అంతే."

నెత్తిన మూటతో ఆమె ఏటినీ, పాలాన్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత గట్టు మీది కానుగ దగ్గరికి వెళ్ళి, చెట్టును మూడువేళ్ళతో తాకి కళ్ళకద్దుకుని, ఒక రెబ్బ తుంచి కొంగున ముడి వేసుకుంది. "నడువు. బండి పోతాది" అంది.

మూడో తరగతి పెట్టె కిటకిటలాడుతోంది. కిటికీ పక్కన ఇద్దరు పట్టే చోటు దొరికింది. నేను ఆమెను కూర్చోబెట్టి ఎదురుగా చెక్క మీద ఇరుక్కున్నాను. ఆమె పక్కచోట్లో మూట పెట్టింది. ఒక పొగాకు వర్తకుడు గొడుగు ముడుస్తూ వచ్చి మూట తీయమన్నాడు.

"ఆళ్ ఇరుక్కు" అంది పెద్దమ్మ అరవంలో. మనిషి ఉన్నాడని.

"ఎక్కడమ్మా ఆళ్? నాకు మూటే కనపడుతోంది."

"వస్తాడు."

"బండి కదిలింది గదమ్మా! పరుగెత్తి వస్తాడా?" పెట్టెలో నలుగురు నవ్వారు. ఆమె పట్టించుకోలేదు. వర్తకుడు మూట మీద చెయ్యి వేయబోయి, దాని బరువుకు ఆశ్చర్యపోయి, "లోపల ఆళ్నే కట్టిపెట్టినావా?" అంటూ వదిలేసి నిలబడ్డాడు.

పాలం వచ్చింది. నేల మీద పోతున్నప్పుడు ఉండే చప్పుడు ఒక్కసారిగా మారి, పెట్టె అడుగునుంచి ఉక్కు మోగడం మొదలైంది. పెద్దమ్మ కొంగు ముడి విప్పి కానుగ రెబ్బను కిటికీలోంచి వదిలింది. తన పేరు చెప్పుకుందో లేదో నాకు తెలియదు. కూతుర్ని పిలిచింది, అది విన్నాను. తర్వాత ముఖం పూర్తిగా బయటికి తిప్పి, కిటికీ ఊచలకు నుదురు ఆనించింది. దవడ కదలడం చూశాను. ఊరంతా వినేటంత గొంతు ఆమెది. ఎదురుగా కూర్చున్న నాకు ఒక్క అక్షరం వినపడలేదు. ఆ ఉక్కు మోతలో ఆ పేరు ఎటు పోయిందో పోయింది.

పిలిచాక ఆమె కదల్లేదు. తల కాస్త పక్కకు వంచి వింటోంది. కమ్మరి కొట్టం పక్కన మంచం మీద అలాగే తల వంచి పడుకునేది. చక్రాలు దూలం మీద దూలం దాటుతున్నాయి. పాలం అంత పొడవుంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

బండి గట్టెక్కింది. చప్పుడు మళ్ళీ మామూలైంది. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని, పక్కనున్న మూటను రెండు చేతులా ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. చోటు ఖాళీ అయింది. వర్తకుడు సంతోషంగా ముందుకు వచ్చాడు.

"ఆళ్ ఇరుక్కు" అంది ఆమె.

అతను ఖాళీ చెక్కను చూశాడు. ఆమె ముఖం చూశాడు. ఏమనుకున్నాడో, ఈసారి వేళాకోళం చేయలేదు. గొడుగు మీద బరువు మోపి దిండుగల్లు దాకా నిలబడే వచ్చాడు. నేను ముందుకు వంగి మెల్లగా అడిగాను.

"పలికినాడా, పెద్దమ్మా?"

"పలకకేమి."

"నాకేమీ వినపడలేదే."

"నీకెట్లా వినపడుతాది? నువ్వేమన్నా పాలం కింద కాపురం చేసినావా?" అంది. పాత గొంతు తిరిగి వచ్చేసింది. పెట్టె అంతా మావైపు చూసింది.

కరూరు దగ్గర అమరావతి పాలం మీదికి బండి ఎక్కేసరికి, మళ్ళీ ఏం జరుగుతుందో అని నేను ఆమె వైపు చూశాను. ఆమె నోరు కాస్త తెరుచుకుని, తల ఖాళీ చోటు వైపు వాల్చి, హాయిగా నిద్రపోతోంది.

మేము చేరేసరికి కాన్పు కాలేదు. ఆ రాత్రీ పగలూ పెద్దమ్మ కూతురి తలాపినే కూర్చుంది. నన్ను వాకిలి దాటి లోపలికి రానివ్వలేదు కనుక నాకు తెలిసింది ఆమె గొంతు మాత్రమే. "ముక్కు, కన్నా, ముక్కు! మీ నాయిన వచ్చి ఉండాడు. ఏడిస్తే సిగ్గు!" అని వీధి చివరిదాకా వినపడింది. ఆడపిల్ల పుట్టింది. చేటలో పత్తి పరిచి పడుకోబెట్టేటంత చిన్నది. బతికింది. తల్లీ బతికింది. పథ్యం ముగిసిన నాడు పెద్దమ్మ ఆ పెనం మీద దోసె పోసి కూతురికి పెట్టింది. వియ్యపురాలు ఆకులోని దోసె ఎత్తి చిల్లులోంచి చూస్తూ, "ఇది మీ ఊరి నాగరికమా, సంబంధీ?" అంది. "తిను, చెప్తా" అని ఈమె.

ఆ తర్వాత ఆమె ఎన్నోసార్లు రైల్లో ఆ పాలం దాటింది. మరి ఇసుకలో నడవలేదు. కమ్మరి చెప్పకుండా సుత్తి ఆపినా లేచి కూర్చోవడం కూడా మానేసింది. అలవాటు మానలేక అతనే "అవ్వా, చుట్టకు" అని కేకేసేవాడు, ఆమె "పోరా, ఎవరు వద్దన్నారు" అనేది. మోకాళ్ళు పట్టేశాక కూతురి దగ్గరే ఉండిపోయింది. అక్కడే పోయింది.

దినాలు అయ్యాక కూతురు నాతో బయలుదేరింది. "అమ్మను ఊరికి తోడుకుపోవల్ల, అన్నా" అంది. ఆమె ఒళ్ళో పెనం మూట. మూడో తరగతి పెట్టెలో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం.

వైగై ఎండిపోయి ఉంది. కింద ఇసుకలో చాకళ్ళు బట్టలు ఆరేశారు. పాలం మీదికి బండి ఎక్కగానే ఆమె కానుగ రెబ్బ బయటికి వదిలి, తన కూతుర్ని పిలిచింది. మగడు అన్నూరులోనే ఉన్నాడు. అతని పేరు దగ్గర ఆగి, పెదవులు మాత్రం కదిలించింది. అతను తర్వాత వస్తాడులే అన్నట్టు నన్ను చూసి కాస్త నవ్వింది. ఆపైన తల్లిని పిలిచింది. కూతురికి తల్లి పేరు పిలవడానికి అడ్డు లేదు కదా. గట్టిగానే పిలిచింది. ఇన్నేళ్ళకు నేను పెద్దమ్మ పేరు విన్నాను. దాన్ని ఇక్కడ రాయను.

చక్రాలు మోగుతున్నాయి. ఆమె తల పక్కకు వంచి వింది. నేనూ విన్నాను. నాకు చక్రాల మోతే వినపడింది. పాలం అయిపోవస్తుండగా ఆమె నా చెయ్యి తట్టి, "కొంచెం జరుగు, అన్నా" అంది. నేను కిటికీ వైపు జరిగాను. ఆమె అటువైపు జరిగింది.

మధుర స్టేషనులో జనం తోసుకుంటూ ఎక్కారు. అరటిగెల భుజాన పెట్టుకున్న ఒకతను మా మధ్యన ఖాళీ చూసి, గెల దించబోతూ, చోటుందా అన్నట్టు తల ఎగరేశాడు. ఆమె నోరు తెరిచేలోపలే నేను చెప్పాను.

"ఆళ్ ఇరుక్కు."